సుంకన్న దొప్పలు

అనగనగా ఒక గుట్ట. గుట్ట కింద చేన్లు. చేన్ల కింద వంక. వంక ఒడ్డున మా ఊరు, నీలివంక.

ఎప్పుడు జరిగిందో చెప్పలేను. మా అవ్వ పుట్టకముందు, ఆమె అవ్వ కూడా పుట్టకముందు. ఈ కథ ఊర్లో అందరికీ తెలుసు. కానీ చెప్పాల్సింది మాత్రం మా ఇంటివాళ్ళే. ఎందుకో ముందే చెప్పేస్తా. ఇందులో గిడ్డయ్య అని ఒక రైతు వస్తాడు. ఆయన మా వంశంలో పెద్ద. ఆయన చేసింది వింటే మీకు కోపం రావచ్చు. వస్తే రానీండి. మాకైతే సిగ్గు ఇంకా పోలేదు.

ఆ కాలంలో ఊరి చివర సుంకన్న అనే ఒకడు ఉండేవాడు. బొగ్గులు కాల్చేవాడు. పొలం లేదు, పుట్ర లేదు. ఒక గుడిసె, ఒక గొడ్డలి, ఒక పార. పెండ్లాం కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. పగలంతా కట్టె కొట్టడం, గుంతలో పేర్చి మట్టి కప్పి కాల్చడం, ఆ బొగ్గులు కమ్మరులకు ఇచ్చి గింజలు తెచ్చుకోవడం, అదే బతుకు. చేతులు నల్లగా ఉండేవి. ఎంత తోమినా గోళ్ళలో నలుపు పోయేది కాదు.

ఊర్లో రైతులూ గొప్పవాళ్ళేం కాదు. రెండెకరాలుంటే పెద్ద రైతు. ఒక్కో చేనికి చుట్టూ గట్టు, గట్టు మీద చెట్లు. తుమ్మ, చింత, రేగు, వేప. ఎవరు నాటినారో ఎవరికీ గుర్తు లేదు.

అప్పుడు మూడేళ్ళు వాన పడలేదు.

మొదటి ఏడు జొన్న మొలవలేదు. గిడ్డయ్య బొగ్గుల గుంత దగ్గరికి వచ్చినాడు.

"సుంకన్నా, నా గట్టు మీది తుమ్మలు కొట్టుకో. బొగ్గులకు వచ్చిన గింజల్లో సగం నాకియ్యి."

"నిజంగా కొట్టనా అన్నా?"

"కొట్టు."

గిడ్డయ్యను చూసి మిగతావాళ్ళూ పిలిచినారు. ఊరి తుమ్మలన్నీ పోయినాయి.

రెండో ఏడు కొర్ర మొలవలేదు. మళ్ళీ వచ్చినారు. ఈసారి చింతలు.

"కొట్టనా అన్నా?"

"కొట్టు."

మూడో ఏడు ఏమీ మొలవలేదు. రేగులు, వేపలు, ఆఖరికి మొద్దుల వేర్లు కూడా తవ్వించినారు.

"కొట్టనా అన్నా?"

"కొట్టు. అడుగుతావెందుకు?"

మూడేళ్ళు తిరిగేసరికి గుట్ట నుంచి వంక దాకా నీడ అన్నది లేదు. ఒక్క చోట తప్ప. గుట్ట మొదట్లోనే రామక్క చేను. ఎకరన్నర. మొగుడు పోయినాక ఒక్కతే దున్నుకునేది. ఆమె పైగట్టు మీద మూడు వేపచెట్లు, మూడూ ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకుంటే గానీ అందనివి.

అందరూ అమ్ముకున్నా ఆమె అమ్మలేదు. "అవి నా చేనిని పట్టుకోని ఉండాయి సుంకన్నా. గంజి తాగి ఉంటా గానీ వాటిని కొట్టనియ్యను" అనింది. అతను సరే అని వచ్చేసినాడు.

ఆ ఎండాకాలం చివర్లో రామక్క కూతురి కాన్పుకని పక్క ఊరు పోయింది. ఆ వారంలోనే సుంకన్న గుంత పేరుస్తున్నాడు. సగానికే కట్టె అయిపోయింది. ఇంకా కావాలంటే పక్క గుట్టకు పోవాలి, పోనూ రానూ ఒక పూట నడక. మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతా ఉంది. పైకి చూసినాడు. మూడు వేపలు కనపడినాయి. చుట్టూ ఎవరూ లేరు.

ఆకలికి కొట్టి ఉంటే అది వేరే మాట. గుడిసెలో రెండు వారాలకు సరిపడా గింజలుండాయి. నడవడానికి బద్ధకించి కొట్టినాడు. కొట్టనా అని అడగకుండా కొట్టిన చెట్లు అతని బతుకులో ఆ మూడే.

నెల తిరక్కముందే వాన వచ్చింది. మూడేళ్ళ వాన ఒక్కసారి పడినట్టు పడింది. గుట్ట మీది నీళ్ళన్నీ మొదట రామక్క చేను మీదికి దూకినాయి. పట్టుకునే వేరు లేదు. గట్టు తెగింది. ఆ చేనిలోంచి కింది చేనికి, అక్కడి నుంచి ఇంకా కిందికి. మూడు రోజులకు వాన నిలిచింది. ఎర్రమట్టి అంతా వంకలో కలిసిపోయింది. చేన్లలో మనిషి లోతు గండ్లు, రాళ్ళు, సుద్ద. ఊరి ఆడవాళ్ళు గట్ల మీద కూర్చోని చూస్తా ఉండిపోయినారు. ఏడ్చేదానికి కూడా ఎవరికీ చేత కాలేదు.

రామక్క తిరిగొచ్చింది. ఇంటింటికీ పోయి అడిగింది, నా చెట్లు ఎవరు కొట్టినారని. ఎవరికీ తెలీదు. వాన పడేదాకా ఎండకు భయపడి ఎవరూ అటు పోలేదు. ఆఖరికి సుంకన్న గుడిసెకు వచ్చింది.

"నువ్వేమన్నా చూసినావా అప్పా? ఎవరన్నా పరాయి ఊరోళ్ళు వచ్చినారా?"

"నాకు తెలీదు అక్కా."

అడగకుండా ఎవరి చెట్టూ కొట్టని మనిషని ఆమె నమ్మింది. అక్కడే నేల మీద కూర్చోని, "తప్పు నాదే. కాన్పుకని పోకుండా ఉండాల్సింది. చేనిని వదిలిపెట్టి పోయినా" అనింది. పుట్టిన మనవరాలిని చూసి వచ్చిన మనిషి, పోయినందుకు తనను తాను తిట్టుకుంది.

ఆమె పోయినాక సుంకన్న గుంత దగ్గరికి పోయినాడు. గుంత తెరిచి బొగ్గులు చూసినాడు. వేపకట్టె బొగ్గులు. అవి ఎవరికీ ఇవ్వలేదు. మట్టి కప్పేసినాడు. గొడ్డలి కమ్మరికి ఇచ్చి దాన్ని గడ్డపార చేయించుకున్నాడు. తెల్లారి రామక్క ఇంటి ముందు నిలబడినాడు.

"అక్కా, నీ చేను నేను బాగు చేస్తా."

"అందులో ఏముంది సుంకన్నా, రాళ్ళు తప్ప? నేనేమిచ్చేది నీకు?"

"ఏమీ వద్దు."

మొదటి ఏడు రాళ్ళు మోసినాడు. పెద్ద రాయి కింద, చిన్న రాయి పైన, ప్రతి గండికీ అడ్డంగా కట్టలు పేర్చినాడు. వాన పడినప్పుడు నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి పోయినాయి గానీ మట్టి వెనకే ఆగింది. ఒక జానెడు మట్టి. ఆ జానెడు చూసి రామక్క అంబలి ముంత తెచ్చింది. "నా తోడబుట్టినోడు కూడా ఇంత చేయడప్పా" అనింది.

చెప్పాలనుకున్నాడు. సుంకన్న నోరు పెగల్లేదు. అంబలి ముట్టలేదు. "ఆకలి లేదక్కా" అని మళ్ళీ రాయి ఎత్తుకున్నాడు.

రెండో ఏడు ఆ మట్టిలో కంది చల్లినాడు, చుట్టూ తంగేడు వేసినాడు. తంగేడు ఆకు కోసి మట్టిలోనే తొక్కినాడు. కంది మోకాలెత్తు వచ్చింది. రామక్క ఊరందరి ముందర, "ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు" అనింది.

సుంకన్న నోరు పెగల్లేదు. తల వంచుకోని పక్కకు పోయినాడు. ఊరివాళ్ళు, ఎంత అణకువో చూడండి అన్నారు.

మూడో ఏడు గట్టు మీద వేప, కానుగ, సీతాఫలం నాటినాడు. ఒక్కో మొక్క పక్కన ఒక మట్టికుండ మెడ దాకా పూడ్చి నీళ్ళు నింపినాడు. కుండ మెల్లగా చెమరుస్తుంది, వేరు మెల్లగా తాగుతుంది. వంక నుంచి గుట్ట దాకా కావడి మోసి మోసి భుజం పుండైంది. రామక్క పసుపు నూరి తెచ్చి, "చెట్లు కొట్టినోడు ఎక్కడున్నాడో గానీ, వాడి పాపం నువ్వు మోస్తా ఉండావు" అనింది.

సుంకన్న నోరు పెగల్లేదు.

మరుసటి ఏడు చెట్ల వరసల మధ్య కొర్ర పండింది. మూడు మూటలు. పెద్ద పంటేం కాదు. కానీ చుట్టూ రాళ్ళు తేలిన చేన్లలో అదొక్కటే పచ్చగా ఉంటే, ఊరి కళ్ళన్నీ దాని మీదే పడినాయి.

ముందు వచ్చింది గిడ్డయ్యే.

"నా చేనూ చూడప్పా. నీకు ఇవన్నీ ఎట్లా తెలుసు?"

"చెట్టు కొట్టేటోనికి వేరు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది అన్నా. నాటేటోనికి తెలిసేదానికి చానా ఏండ్లు పడుతుంది."

"ఎప్పటికి పండుతుంది?"

"మూడేండ్లు."

"అప్పటిదాకా ఏం తినేది?"

"కట్ట వెనక మట్టి ఆగిన చోట మొదటి ఏడే కంది వేద్దాం. రాళ్ళు నువ్వు మోయి, నీళ్ళు నువ్వు పొయ్యి. గుంత ఎక్కడ తవ్వాలో నేను చూపిస్తా. మేకల్ని మాత్రం కట్టేసుకోవాలి."

ఒకరి తర్వాత ఒకరు వచ్చినారు. పేచీలు లేకుండా ఏమీ జరగలేదు. కట్ట వల్ల నీళ్ళు నా చేనికి రావడం లేదని ఒకడు, చెట్టు నీడకు జొన్న ఎదగదని ఇంకొకడు. సుంకన్న ఎవరినీ కసరలేదు. విత్తే ముందు కొమ్మలు కోయించినాడు. ఆ ఆకు చేనిలోనే పరిపించినాడు, కొమ్మలు పొయ్యికి ఇప్పించినాడు. ఒకడు కోపంతో మొక్కలు పీకేస్తే, మళ్ళీ పోయి అవే గుంతల్లో నాటి వచ్చినాడు.

ఆ వాన నాటి నుంచి లెక్కేస్తే పదేండ్లు పట్టింది. గండ్లు పూడినాయి. వంకలో ఎర్రనీళ్ళు తగ్గి తేటనీళ్ళు పారినాయి. వలసపోయిన వాళ్ళు తిరిగొచ్చినారు. అయినా సుంకన్న ఎవరింట్లోనూ ముద్ద తినలేదు. గడప బయటే నిలబడేవాడు. కొందరికి అది గర్వంలా కనిపించింది.

ఆ ఏడు పంట నూర్చినాక ఊరంతా కళ్ళంలో కూడినారు. తొలి చేట గింజలు సుంకన్నకే ఇవ్వాలని, తలపాగా చుట్టాలని అనుకున్నారు. పాగా గిడ్డయ్య తెచ్చినాడు. చేట రామక్క చేతికి ఇచ్చినారు. జుట్టు తెల్లబడింది ఆమెకు అప్పటికి. పక్కన మనవరాలు, పదేండ్లు దాటిన పిల్ల.

రామక్క చేట ముందుకు చాచింది. సుంకన్న చేతులు చాచలేదు.

"కింద పెట్టక్కా."

"ఏమప్పా?"

"నీ వేపచెట్లు కొట్టింది నేనే."

ఆమె అర్థం కానట్టు చూసింది. అతను మళ్ళీ చెప్పినాడు. ఆమె అడిగింది.

"ఆకలేసి కొట్టినావా?"

"లేదక్కా. గింజలుండాయి."

"మరెందుకు?"

"పక్క గుట్టకు నడవడానికి బద్ధకమేసింది."

రామక్క చేట నేల మీద పెట్టింది. "నేను కూతురి దగ్గరికి పోయినందుకు పదేండ్లు నన్ను నేను తిట్టుకున్నా. నువ్వు పక్కనే ఉండి విన్నావు" అనింది. మనవరాలి చెయ్యి పట్టుకోని ఇంటికి పోయింది.

ఆమె అంతటితో పోయింది. మా గిడ్డయ్య పోలేదు.

"మన చేన్లన్నీ ముంచినోడు వీడే" అని అరిచినాడు. "పైగట్టు తెగబట్టే కదా కిందోళ్ళందరం కొట్టుకుపోయింది. పదేండ్లు మన మధ్య మంచోడి మాదిరి తిరిగినాడు." ముందు మట్టిగడ్డ విసిరింది ఆయనే. తర్వాత అందరూ విసిరినారు. సుంకన్న తల మీద చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. "పొలిమేర రాయి దాటి ఇటు అడుగు పెట్టొద్దు" అని చెప్పి తరిమినారు.

ఆ అరిచిన వాళ్ళలో తన చెట్లు తానే కొట్టించుకోనివాడు ఒక్కడూ లేడు. ఆ మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. లేదా గుర్తొచ్చే గట్టిగా అరిచినారేమో.

సుంకన్న గడ్డపార, పార, నాలుగు కుండలు తీసుకోని గుట్ట ఎక్కినాడు. గుట్ట అవతలి వైపు గుడిసె వేసుకున్నాడు. పొద్దున పొగ కనిపించేది. అంతే.

మరుసటి ఏడు తొలకరి పడిన రోజు, పశువులు తోలుకుపోయిన వాళ్ళు పొలిమేర రాయి దగ్గర ఆగిపోయినారు. రాయి చుట్టూ మోదుగాకు దొప్పలు. నూరు ఉంటాయి. ప్రతి దొప్పలో మట్టి, ప్రతి మట్టిలో జానెడు మొక్క. దొప్పతోనే గుంతలో పెట్టేయొచ్చు, ఆకు కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది.

ఎవరు పెట్టినారో అందరికీ తెలుసు. ఎవరూ పేరెత్తలేదు. గిడ్డయ్య అటూ ఇటూ చూసి పది దొప్పలు గంపలో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళూ తీసుకున్నారు. తీసుకోని గుట్ట వైపు చూడకుండా పోయినారు.

రెండో ఏడూ అంతే. నూరు దొప్పలు. తీసుకున్నారు. చూడకుండా పోయినారు.

మూడో ఏడు గిడ్డయ్య మంచి మొక్కలు దొరుకుతాయని అందరికంటే ముందే పోయినాడు. అప్పటికింకా సుంకన్న దొప్పలు దించుతా ఉండాడు. ఇద్దరూ ఎదురెదురు పడినారు. మధ్యలో రాయి. సుంకన్న ముసలోడైపోయినాడు. వీపు వంగింది. ఆఖరి దొప్ప పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, తల వంచుకోని నిలబడినాడు. పోలేదు. ఏదో ఒక మాట కోసం నిలబడినట్టు నిలబడినాడు.

మా గిడ్డయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి సుంకన్న గుట్ట ఎక్కి పోయినాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆగి, గిడ్డయ్య దొప్పలు గంపలో నింపుకున్నాడు.

నాలుగో ఏడు తొలకరి పడింది. రాయి దగ్గర దొప్పలు లేవు.

మొదటి రోజు ఎదురు చూసినారు. రెండో రోజు, "ఈ ఏడు ఇంకా పెట్టలేదేమి?" అన్నారు. మూడో రోజు, "నేల పదును ఆరిపోతా ఉంది, ఈ మనిషికి బాధ్యత లేదా?" అన్నారు. ఆ అన్నదాంట్లో మా ఇంటి గొంతు కూడా ఉంది. పొగ కనిపించడం లేదని మాత్రం ఎవరూ చూడలేదు.

రామక్క చూసింది. ఆ మూడేండ్లూ ఆమె ఒక్క దొప్ప కూడా తీసుకోలేదు, అతని పేరు కూడా ఎత్తలేదు. ఆ రోజు కట్టె ఊతంగా పట్టుకోని ఒక్కతే గుట్ట ఎక్కింది. ఆమె పోవడం చూసి నలుగురైదుగురు వెనక పోయినారు.

గుట్ట అవతల రాతినేల ఉంటుందనుకున్నారు. వాలంతా రాతికట్టలు, కట్టల వెనక మొక్కలు. కొన్ని నడుమెత్తు, కొన్ని తలెత్తు. గుడిసె ముందు పందిరి కింద సుంకన్న పడి ఉన్నాడు. పోయి మూడు నాలుగు రోజులై ఉంటుంది. పక్కన కుట్టిన దొప్పలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. కొన్నిటిలో మట్టి నింపినాడు. మిగతావాటికి చెయ్యి అందలేదు.

గిడ్డయ్య, "ఇక్కడే పూడ్చేద్దాం. ఊర్లోకి ఎట్లా తెస్తాం, రావద్దన్న మనిషిని" అన్నాడు.

అప్పుడు రామక్క మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"గిడ్డయ్యా, నీ తుమ్మలు ఎవరు కొట్టమన్నారు?"

గిడ్డయ్య పేర్చిన దొప్పల వైపు చూసినాడు.

"నీ చింత? నీ వేపలు? నావి మూడు అడగకుండా కొట్టినాడు. మీవి మీరు పిలిచి కొట్టించుకున్నారు. నా మూడు చెట్లే ఊరంతటినీ కాయాలా? మీ గట్ల మీద మీ చెట్లుంటే నా చేను తెగినా మీవి నిలబడేవి కాదా? అతని మీద కోపం నాకుంది. ఈ రోజుకీ ఉంది. నేను క్షమించినానని ఎవరూ అనుకోవద్దు. నా కోపం నాకు చెల్లుతుంది. మీకేం చెల్లుతుందని గడ్డలు విసిరినారు? విసిరినారు సరే, అతని మొక్కలు ఏ మొహంతో తీసుకున్నారు?"

కట్టె ఎత్తి ఊరి వైపు చూపించింది.

"నా పైగట్టు మీద పూడ్చండి. నా వేపలు ఉన్న చోటే."

గిడ్డయ్య పాడె ముందు కొమ్ము పట్టినాడు. ఊరంతా పొలిమేర రాయి దగ్గర నిలబడి ఉంటే, ఆయనే ముందు నడిచి పాడెను రాయి దాటించినాడట. పూడ్చినాక అక్కడే కూలబడి, మూడో ఏడు రాయి దగ్గర జరిగింది అందరికీ చెప్పినాడు. సుంకన్న నిలబడింది, తాను మొహం తిప్పుకున్నది, పోయేదాకా ఆగి గంప నింపుకున్నది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఎవరూ అడగలేదు. తానే చెప్పినాడు.

ఇంటికొచ్చి కొడుకులను పిలిచి, "ఈ కథ మన ఇంటివాళ్ళే చెప్పాలి. నా పేరు దాయొద్దు" అన్నాడు. అందుకే నేను చెప్తున్నా. నా చిన్నప్పుడు ఈ చోటుకు వచ్చేసరికి మా నాయన గొంతు తగ్గిపోయేది. నాదీ తగ్గుతుంది. మీరే చూస్తా ఉండారు కదా.

ఇప్పటికీ మా వైపు గట్టు మీద చెట్ల వరసను సుంకన్న వరస అంటారు. చెట్టు కొట్టాలంటే ముందు కింది చేని రైతు దగ్గరికి పోయి, కొట్టనా అని అడగాలి. వద్దంటే కొట్టకూడదు. తొలకరి పడిన రోజు ప్రతి ఇంటివాళ్ళూ మోదుగాకు దొప్పల్లో మొక్కలు తెచ్చి పొలిమేర రాయి దగ్గర పెడతారు. ఎవరు పెట్టినారో చెప్పరు. ఏ ఊరివాళ్ళైనా వచ్చి తీసుకోవచ్చు. అవతలి ఊళ్ళ చిన్నరైతులు బండ్లు కట్టుకోని వస్తారు.

కానీ ఊరికే తీసుకోనియ్యం. దొప్ప చేతిలోకి తీసుకున్నాక గుట్ట వైపు తిరిగి, వినపడేటట్టు, "సుంకన్నా, తీసుకున్నామప్పా" అనాలి. పసిపిల్లల చేత కూడా అనిపిస్తాం.

అతను బతికుండగా ఆ మాట ఒక్కరమూ అనలేదు.